డాష్‌బోర్డు వెనకాల అత్త

ఆ కారంటే నాకు మొదట్నుంచీ పడదు. మా ఆయన రిటైరైన ఏడాది, బొగ్గు గనుల ఆఫీసరెవరో బదిలీ మీద వెళ్ళిపోతూ అమ్మేసిన తెల్ల కారుని తోలుకొచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టారు. "ఏటండీ ఇది?" అంటే "నీకే. ఎక్కు" అన్నారు. నేనెప్పుడైనా కారు కావాలన్నానా? పట్టుచీర అడిగాను, వంటింట్లో నా ఎత్తుకి సరిపోయేలా గట్టు కట్టించమని అడిగాను. కారు మాట నా నోట ఏనాడూ రాలేదు. పైగా బిలాస్‌పూర్‌లో మా లాల్‌ఖదాన్ పేట వీధిలోకి అది తిరగాలంటే ఎదురింటి వాళ్ళ మోటారు సైకిళ్ళన్నీ లోపల పెట్టించాలి. రోజుకో పంచాయితీ.

ఆయన వింటే కదా. రైల్వే మైదానానికి తీసుకెళ్ళి, నన్ను స్టీరింగు ముందు కూచోబెట్టి, తాను పక్కన కూచుని, నేర్పేదాకా వదల్లేదు. నేర్పడమంటే చెప్పడమే. క్లచ్చి గురించి ఒక కథ, గేరు గురించి ఒక కథ. నేను మైదానం గోడ మీదకి పోతున్నా ఆ కథ ఆగలేదు. "ముందు బ్రేకెక్కడో సెప్పండి మహానుభావా!" అని అరిచాను. "అదే సెప్తన్నాను. అచ్ఛా, ఇను" అంటూ మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నారు.

మా ఆయన ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేశారు. రైలింజన్ల కడుపులో వైర్లు చూడడం ఆయన పని. వాళ్ళ తాతగారు విజయనగరం దగ్గర్నుంచి ఖలాసీగా బిలాస్‌పూర్ వచ్చారు, మావగారు ఇక్కడే చేశారు, ఈయనా ఇక్కడే చేశారు. పని నేర్పింది షెడ్డు. ఆ మాటలు మాత్రం ఎవరు నేర్పారో నాకు తెలీదు. పొద్దున్న పళ్ళు తోముకుంటూ మొదలెట్టిన కబురు డ్యూటీకి వెళ్తూ సగంలో ఆపి, సాయంత్రం చెప్పులు విప్పుతూ సరిగ్గా అక్కడే అందుకునేవారు. నేను కూర తరుగుతుంటే నా వెనకాలే తిరిగేవారు. "కాసేపు ఊరుకోండి, నా బుర్ర వాచిపోతోంది" అని రోజుకోసారైనా అనేదాన్ని. ఏ పెళ్ళామైనా అంటుంది. దేవుడికి నావి అన్ని మొక్కులుండగా ఇదొక్కటే చెవిన పడిందేమో.

పోయినేడు వానాకాలం మొదట్లో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు ఈడుస్తూ నడుస్తారు. మాట పోయింది. మిగిలినవి రెండే, "అచ్ఛా" ఒకటి, "ఏటి" ఒకటి. ఆకలేసినా అచ్ఛాయే, అన్నం వద్దనడానికీ అచ్ఛాయే. దోమ కుట్టినా ఏటి, ఫోన్లో కూతురి మొహం కనిపించినా ఏటి. అవునని తలూపి కంచం తోసేస్తారు, వద్దని తలూపి తినేస్తారు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. నోటికి మాట రావడం వేరు, దాని వెనక మనసుండడం వేరు, ఈయనకి ఎంతవరకూ తెలుస్తోందో నేను చెప్పలేనమ్మా అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు.

నాకింకేం అక్కర్లేదు. చెయ్యి రాకపోతే నేను కలిపి పెడతాను. నడక రాకపోతే రెక్క పట్టుకుంటాను. లోపల మా ఆయన ఉన్నారా లేరా, నా మాట ఆయనకి చేరుతోందా లేదా, అదొక్కటి తెలిస్తే చాలు. ఊరెళ్ళిన మనిషైతే ఫోను చేసి తిట్టొచ్చు. పోయిన మనిషైతే ఫొటో ముందు ఏడవొచ్చు. ఎదురుగా కుర్చీలో కూచుని టీ తాగుతున్న మనిషి మీద బెంగ పెట్టుకున్నానని ఎవరితో చెప్పుకోను?

మా అమ్మాయి రాయపూర్‌లో బ్యాంకులో పనిచేస్తుంది. వచ్చినప్పుడల్లా దాని పాట ఒకటే. "అమ్మా, ఎన్నిసార్లు సెప్పాల? ఇల్లు కిరాయికిచ్చీసి, గాడీ అమ్మీసి నా దగ్గరకొచ్చీండి. నాన్నకి ఎక్కడున్నా ఒకటే కదా." అది ప్రేమతోనే అంటుంది. దాని తెలుగు మా ఆయన దగ్గర నేర్చుకున్నదే, చదవడం రాదు గానీ మాట మాత్రం అచ్చం వాళ్ళ నాన్న మాటే. అయినా ఆ "ఒకటే" దగ్గర నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆయనకి ఒకటో కాదో నాకే తెలీదు, నీకెలా తెలుసే అంటాను. "సరే, ఈ ఆదివారం వస్తాను, కూర్చుని మాట్లాడదాం" అంది ఆ వారం. అంటే కారు చూడ్డానికి ఎవరినో వెంటబెట్టుకొస్తుందని నాకర్థమైంది.

వానలు వెనకబట్టాయి. ఆ బుధవారం పొద్దున్న ఆయన్ని మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్ళాలి. వారానికి రెండుసార్లు ఊరి అవతలి కొసకి ప్రయాణం. ఆయనతో ఆటో ఎక్కడం నావల్ల కాదు, అందుకని నేను కోరని ఆ కారే నాకు దిక్కైంది. ఆయనకి తెల్లచొక్కా తొడిగి, తల దువ్వి, వీధి వరండాలో కుర్చీలో కూచోబెట్టి, కారెక్కి తాళం తిప్పాను.

మామూలుగా ఎదురుగా రెండో మూడో ఎర్రదీపాలు వెలిగి, సెల్ఫ్ తిరిగి, బండి లేస్తుంది. ఆ రోజు డాష్‌బోర్డులో ఎన్ని దీపాలున్నాయో అన్నీ ఒక్కసారే వెలిగాయి. పెట్రోలు ముల్లు నిండుగీత దాకా ఎగిరి దభీమని పడింది. బ్రేకు తొక్కితే ఎడమవైపు బాణం మినుకుమంది. హెడ్‌లైటు వేస్తే మీటరంతా చీకటైపోయింది. సెల్ఫ్‌కి తిప్పితే లోపలెక్కడో టిక్కుమని ఒక్క చప్పుడు, ఆ మీదట ఏమీ లేదు. తాళం వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి తిప్పాను. మళ్ళీ అదే జాతర. "ఓలమ్మో, దీపాలన్నీ ఎలుగుతున్నాయి, బండి లెగట్లేదు, దీనికి పూనకం గానీ వచ్చిందేటి!" అని పైకే అన్నాను.

"అత్త" అన్న మాట వినిపించింది వరండాలోంచి.

నా చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. ఏడాది దాటింది ఆ నోటి నుంచి కొత్త మాట వచ్చి. దిగి పరిగెత్తాను. "ఏటన్నారు? మళ్ళీ అనండి."

"అత్త." స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా అన్నారు.

మా ఇంట్లో అత్త అంటే మా అమ్మే. మా నాన్న పోయాక మా దగ్గరే, రైల్వే క్వార్టర్లోనే ఉండేది. అల్లుడికీ అత్తకీ పొద్దస్తమానం వేళాకోళమే. "నీ మొగుడు రేడియోయే, కట్టడానికి మీట లేదు" అనేది నాతో. ఆవిడ పోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది ఈయనే. ఇన్నాళ్ళకి నోరు విప్పి మా అమ్మని పిలుస్తున్నారే అనుకున్నాను. లోపలికెళ్ళి గోడ మీద ఉన్న అమ్మ ఫొటో దించి, కొంగుతో తుడిచి, తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. "ఇదుగో, మీ అత్త. చూడండి."

చూశారు. చూసి, ఎడమచేత్తో పక్కకి తోసేశారు. "ఏటి" అన్నారు విసుగ్గా. చెయ్యి చాపి వాకిట్లోకి చూపిస్తూ మళ్ళీ "అత్త" అన్నారు. వాకిట్లో కారుంది, ఎదురింటి గోడుంది, ఎండుంది. మనిషి లేదు.

డాక్టరు చెప్పిందే నిజమనుకున్నాను. నోటికి మాట వచ్చింది, దాని వెనక ఎవరూ లేరు. ఉంటే మా అమ్మ మొహాన్ని అలా తోసేస్తారా? ఫొటో పట్టుకుని వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పేసి, ఆ చప్పుడులో బాగా ఏడ్చాను.

ఏడుపు అయ్యాక కారు గుర్తొచ్చింది. గోల్ బజార్ వెనక సందులో కార్లకి కరెంటు పని చేసే అతనికి ఫోను చేశాను. నోట్లో పాన్‌తో, స్కూటరు మీద, వెంటనే వచ్చాడు. మంచివాడే, చేతికి పని వచ్చినవాడే. ముందు బ్యాటరీకి మీటరు పెట్టి చూసి "బ్యాటరీ తో టనాటన్ హై, ఆంటీజీ" అన్నాడు, భేషుగ్గా ఉందని. ఫ్యూజులన్నీ పీకి చూశాడు, బాగానే ఉన్నాయి. సెల్ఫ్ మోటారుకి నేరుగా వైరు కలిపితే గిర్రున తిరిగింది. అప్పుడు డాష్‌బోర్డు ముందు పలక ఊడదీశాడు. వెనకాల వైర్లు కుప్పలు కుప్పలు. రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బొకటి అతని దగ్గరుంది. ఒక వైరు కొసని ముందుకి తీసుకెళ్ళి బ్యాటరీ నల్లకొనకి తగిలించి, రెండో కొసతో లోపలి వైర్లని ఒక్కొక్కటే ముట్టుకుంటూ వచ్చాడు. ముట్టిన చోటల్లా బల్బు వెలిగింది.

కరెంటు అన్ని చోట్లకీ వస్తోంది, వచ్చిందాన్ని మీటరే పాడుచేస్తోంది, మీటరు కాలిపోయింది, ఇక సెల్ఫ్‌కి హుకుం వెళ్ళదు అని తేల్చాడు. ఇంత పాత మోడలుకి కొత్త మీటరు దొరకదట. రాయపూర్‌లో తుక్కు సామాన్లవాళ్ళ దగ్గర వెతకాలట. దొరికినా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేడట. చేతులు తుడుచుకుంటూ, "బేచ్ దో, ఆంటీజీ" అన్నాడు, అమ్మేయమని. మా అమ్మాయి ఇతనికి ముందే ఫోను చేసి చెప్పిందేమో అనిపించింది నాకు.

"అత్త!" అన్నారు మా ఆయన వరండాలోంచి. ఈసారి కుర్చీ చెయ్యి మీద దబదబా కొట్టారు. "అత్త! అత్త!"

"బాబూజీ క్యా బోల్ రహే హైఁ?" అని అడిగాడతను.

అత్తగారిని పిలుస్తున్నారు, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది అని హిందీలో చెప్పాను. అతను చేతులు జోడించి పైకి చూసి, "సాస్ కో యాద్ కర్‌నే వాలా ఆద్మీ పెహలీ బార్ దేఖా" అన్నాడు. అత్తగారి కోసం అల్లాడే మగాణ్ణి తన జన్మలో చూడలేదట. ఇంకోరోజైతే నవ్వేదాన్ని. ఆ పూట నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద కోపమో కూడా తెలీని కోపం. వరండా మెట్టు మీదకి వెళ్ళి ఆయన మొహం మీదే అరిచాను.

"ఏటండీ అత్త, అత్త! మా అమ్మ పోయి ఎన్నేళ్ళయింది! ఇప్పుడు పైనుంచి దిగొచ్చి మీ కారు లేపుతాదేటి?"

ఆయన నవ్వారు. మూతి ఒకపక్కకి పోయింది, చప్పుడు సరిగ్గా రాలేదు, కానీ అది నవ్వే. జబ్బు చేసిన దగ్గర్నుంచి నేను చూడని నవ్వు. నవ్వుతూనే ఎడమచెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరపెట్టి, గాల్లో దేన్నో పట్టుకుని మెలితిప్పారు. "అత్త" అన్నారు, మళ్ళీ తిప్పారు.

ఆ వేళ్ళు చూసేసరికి నాకు కొత్త కాపరం నాటి క్వార్టరు గుర్తొచ్చింది. మా అమ్మ నన్ను చూడ్డానికి మొదటిసారి బిలాస్‌పూర్ వచ్చిన వారమది. పొద్దున్నే షెడ్డు నుంచి ఈయనతో పనిచేసే మనిషొకడు పరిగెత్తుకొచ్చి గేటు దగ్గర్నుంచి కేకేశాడు. "గురూ, బేగి రా! బండి లెగట్లేదు. అత్త వదులైపోనాది!" స్నానాల గదిలోంచి ఈయన అంతకంటే గట్టిగా అరిచారు. "గట్టిగా పట్టుకుని బిగించీరా! అత్తని బిగిత్తే అన్నీ దారికొచ్చీస్తాయి!" వంటింట్లో మా అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అమ్మ గరిటె కింద పెట్టేసి సంచి సర్దడం మొదలెట్టింది. నేను, పెళ్ళయి నెల తిరగని దాన్ని, ఆయన తడిబట్టలతో బయటికొచ్చేసరికి గుమ్మానికడ్డంగా నిలబడి, నోటికొచ్చినట్టు దులిపేశాను.

ఆయనకి ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే నేల మీద కూలబడి నవ్వారు. డ్యూటీకి ఆలస్యమవుతున్నా మా ఇద్దర్నీ కూచోబెట్టి చెప్పారు. "ఎర్త్ అంటారు ఇంగ్లీషులో. పాతకాలం ఖలాసీలకి నోరు తిరగలేదు, అర్తు అన్నారు. మా షెడ్డు కుర్ర గుంటలొచ్చి దాన్ని అత్త చేసీసినారు. మరేటీ నేదండి అత్తా! కరెంటు ఎక్కడెక్కడ తిరిగినా ఆకరికి ఆ నల్లవైరు కాడికే రావాల. అది పట్టు ఒగ్గీసిందనుకో, దారి తెలీక ఒకలింట్లోకి ఒకలు దూరిపోతారు. బ్రేకుది బాణంలోకి, బాణానిది మీటర్లోకి. అన్ని దీపాలూ ఎలుగుతాయి, బండి మాత్రం లెగదు." మా అమ్మ సర్దిన సంచి పక్కన పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ తరవాత బతికినన్నాళ్ళూ, ఆయన డ్యూటీ నుంచి రాగానే "మీ ఇంజన్ల అత్త కులాసాయేనా బాబూ?" అని అడిగేది.

అదంతా నేను మరిచిపోయాను. షెడ్డు మాట షెడ్డులో ఉండిపోయింది, ఆయన రిటైరయ్యారు, మా అమ్మ పోయింది. ఎదురుగా ఆయన రెండు వేళ్ళతో గాల్లో నట్టు తిప్పుతున్నారు.

ఆయన కాళ్ళ దగ్గర కూచుని అడిగాను. "ఏటండీ, అర్తా? కారు అర్తు గురించా మీరంటున్నది?"

ఆయన కళ్ళు మూసుకుని పెద్ద ఊపిరి వదిలారు. "అచ్ఛా" అన్నారు. ఆ అచ్ఛాలో విసుగు నాకు బాగా తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచీ విన్నదే, నాకు ఏదైనా మూడుసార్లు చెప్తేగానీ ఎక్కదన్న విసుగు.

ఎలక్ట్రీషియన్ దగ్గరకి పరిగెత్తి ఎర్తింగ్ చూడమన్నాను. చూశాను, బ్యాటరీ దగ్గర ఎర్తింగ్ బిగువుగానే ఉంది అన్నాడు. బ్యాటరీ దగ్గర కాదు, లోపల, డాష్‌బోర్డు దగ్గర చూడు అన్నాను. ఎవరు చెప్పారని అడిగాడు. మా ఆయన అన్నాను. అతను ఒకసారి వరండా వైపు చూసి, తల గోక్కుని, బ్యాటరీకి తగిలించిన కొసని ఊడదీసి డాష్‌బోర్డు వెనక ఇనప్పట్టీకి తగిలించాడు. ఇందాక వెలిగిన చోటే రెండో కొస పెట్టాడు. బల్బు వెలగలేదు. ఇంకోచోట పెట్టాడు. వెలగలేదు. కరెంటు వెళ్తోంది, తిరిగొచ్చే దారి తెగిపోయింది. "అరే!" అని పాన్ ఉమ్మేసి, ఈసారి శ్రద్ధగా కూచున్నాడు.

ఆ దారి ఎక్కడ తెగిందో మాత్రం దొరకలేదు. ఆ వైర్ల కుప్పలో నల్లవి ఎన్నో. ఇద్దరం కలిసి మా ఆయన్ని రెక్కలు పట్టి దింపి, కారు ఎడమసీట్లో కూచోబెట్టాం. ఆయన కాసేపు డాష్‌బోర్డు వైపు చూస్తూ ఉండిపోయారు. తలుపు పక్కన, కాళ్ళ దగ్గర, చాప అంచు కిందకి ఎడమచెయ్యి పోనిచ్చారు. నేను పట్టుకోబోతే మోచేత్తో నన్ను పక్కకి నెట్టారు. లోపల తడుముతూ తడుముతూ ఒక వైరు పట్టుకుని లాగారు. నల్లటి లావు వైరు, చివర ఇత్తడి రింగు. రింగంతా ఆకుపచ్చగా చిలుము పట్టిపోయి ఉంది. దాన్ని పట్టి ఉంచాల్సిన నట్టు వదులై ఊగుతోంది. తలుపు సందులోంచి వాననీళ్ళు ఏళ్ళ తరబడి అక్కడికే కారుతున్నాయి కాబోలు, చాప కింద తడి ఇంకా ఆరలేదు.

"అత్త" అన్నారు మెల్లగా.

ఎలక్ట్రీషియన్ ఆ రింగుని గరుకుకాగితంతో రుద్దాడు, ఇనుముని కూడా రుద్దాడు, రింగు పెట్టి నట్టు బిగించాడు. చాలన్నట్టు లేవబోతే మా ఆయన అతని మణికట్టు పట్టుకున్నారు. ఇంకో తిప్పు తిప్పేదాకా వదల్లేదు. నేను తాళం తిప్పాను. రెండు ఎర్రదీపాలు వెలిగాయి. పెట్రోలు ముల్లు బుద్ధిగా సగం దాకా లేచి ఆగింది. సెల్ఫ్ తిరిగింది, బండి లేచింది. "బాబూజీ నే తో సాస్ కో ఢూండ్ లియా!" అని, బాబూజీ అత్తగారిని వెతికి పట్టేశారని, ఎలక్ట్రీషియన్ తొడ చరుచుకుని నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. ఇంజను ఆపబోతే మా ఆయన నా చేతి మీద ఒకటి వేశారు. బ్యాటరీ నిండేదాకా ఆపకూడదట! ఆయన నోట ఒక్క మాట లేకుండానే తిట్టించుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సాయంత్రం అమ్మాయికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. "సచ్ మే? నాన్న నిజంగా సెప్పినాడా?" అని అడిగింది, చిన్నపిల్ల గొంతుతో. ఆదివారం వచ్చింది, ఒంటరిగానే వచ్చింది. కారు అమ్మే మాటెత్తలేదు. రోజంతా తండ్రి పక్కన కూచుని హిందీలోనూ తెలుగులోనూ ఏవేవో అడిగింది. ఆయన దానికి అచ్ఛా అనే చెప్పారు.

ఆయనకి తెలుస్తోందని తేలాక నా బెంగ తీరాలి కదా. పెరిగింది. లోపల ఎవరూ లేరేమో అనుకున్నప్పుడు ఏదో ఒకలా సర్దుకుంటున్నాను. ఉన్నారని తెలిశాక ప్రతి పూటా ఆశే. టీ ఇస్తూ ఆశ, చొక్కా తొడుగుతూ ఆశ. డాక్టరమ్మ బొమ్మల కార్డులు పట్టుకుని యే క్యా హై, యే క్యా హై అని అడుగుతుంది. ఆవు, కప్పు, తాళంచెవి. ఆయన వాటిని చూడను కూడా చూడరు. వైరు బొమ్మ చూపించమ్మా, నట్టు బొమ్మ చూపించు అన్నాను. అలాంటి కార్డులు లేవంది. ఇంటికొచ్చి నేనే ఆయన ముందు కూచుని షెడ్డు మాటలు గుర్తుచేసుకోడానికి ప్రయత్నించాను. అన్నేళ్ళు నా చెవుల ముందు మోగిన మాటల్లో పట్టుమని నాలుగు కూడా నాకు రావు. ఆయన చెప్పే కబుర్లలో ఒక్కదాన్ని, ఏ ఒక్కదాన్నైనా, మొదట్నుంచి చివరిదాకా వినాలని ఎంత ఉందో నాకు. క్లచ్చి కథ చెప్పినా సరే, బుర్ర వాచిపోయినా సరే.

ఆ "అత్త" మాత్రం ఆయన దగ్గర ఉండిపోయింది. అచ్ఛా, ఏటి, అత్త. మూడయ్యాయి. అత్త అన్నారంటే ఎక్కడో ఏదో వదులైందని నాకు తెలిసిపోయింది. మొదటిసారి ఫ్యాను మీట. రెండోసారి పెరట్లో కొళాయి, చుక్క చుక్కా కారుతోంది. ఒకసారి ఆయన చొక్కా బొత్తాం, ఒకసారి నా చెప్పు ఉంగటం, నేను పడబోయే ముందే అన్నారు. కేక వినగానే చేస్తున్న పని వదిలేసి ఇల్లంతా తిరిగి వెతకడం నాకు అలవాటైపోయింది. దొరికితే తెచ్చి చూపించేదాన్ని. అచ్ఛా అనేవారు.

మొన్నొక సాయంత్రం పొయ్యి మీద పప్పు పెట్టి, పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నాను. వెనక లైను మీద బొగ్గు గూడ్సు పోతోంది, పోతూనే ఉంది. అది దాటిపోయాక వినిపించింది, "అత్త." లోపలికొచ్చాను. ఫ్యాను చూశాను, బాగానే ఉంది. కొళాయి చూశాను. కిటికీ గడియలు, కుర్చీ కాళ్ళు, ఆయన బొత్తాలు, చెప్పులు, అన్నీ చూశాను. "అత్త" అన్నారు. కారు దగ్గరకెళ్ళి స్టార్టు చేసి చూశాను, ఒక్క తిప్పుకే లేచింది. వచ్చి "ఏటీ నేదండీ, అన్నీ బిగువుగానే ఉన్నాయి" అన్నాను.

"అత్త."

"ఏటి వదులైపోనాదో చూపించండి మరి! ఎక్కడని చావను నేను?" అని కసిరాను. ఆయన చెయ్యి ఎత్తలేదు. ఎటూ చూపించలేదు. నన్నే చూస్తున్నారు.

కాళ్ళు పీకుతున్నాయి, విసుగొచ్చేసింది. చేతిలో బట్టలు మంచం మీద పడేసి, ముక్కాలిపీట లాక్కుని ఆయన కుర్చీ పక్కన కూలబడ్డాను. ఆయన ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది. పట్టుకున్నారు, గట్టిగా, గాజులు నొక్కుకునేంత గట్టిగా. మరి అత్త అనలేదు. వంటింట్లోంచి పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. నేను లేవలేదు.